భుజం మీద అడుగు

ఈ ఏడు మా బంటింగ్ ఎంగాంగ్ జట్టు ఒక్క ఆటన్నా గెలుస్తుందా అని నన్నెవరూ అడగక్కర్లేదు. అడగకుండానే చెబుతాను. ఆటలు మొదలైన దగ్గర్నుంచి గుడి దగ్గరా, బస్టాండులోనూ, ముత్తుసామి టీకొట్టులోనూ చెబుతూనే ఉన్నాను. వినేవాళ్ళు టీ సగంలో వదిలేసి లేచిపోయినా నాకు పట్టింపు లేదు. నా మాట పూర్తి చేసుకునే ఇంటికి వెళతాను.

ఎంగాంగ్ అంటే ఇక్కడి మలేషియా అడవుల్లో తిరిగే పెద్ద ముక్కు పక్షి. ఆడపిల్లల జట్టు అది. రబ్బరు గ్లవ్స్ ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లలు, ట్యూషన్లు చెప్పే ఒక టీచరమ్మ, కౌలా సెలంగోర్ నుంచి పరుగుమీద వచ్చే అక్కచెల్లెళ్ళిద్దరు. ఆడేది ఆస్ట్రేలియావాళ్ళ ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది బంతి. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పట్టుకుని పరిగెత్తవచ్చు. గోల్ దగ్గర నాలుగు స్తంభాలుంటాయి. నడిమి రెండిటి మధ్యనుంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్కనుంచి పోతే ఒక్కటి.

నేను పామాయిలు ట్యాంకరు నడిపి రిటైరైనవాణ్ణి. క్లాంగ్ ఓడరేవులో లోడు దించే వంతు కోసం కూర్చున్న ఒక మధ్యాహ్నం కాంటీన్ టీవీలో మొదటిసారి ఈ ఆట చూశాను. ఒక మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి, ఇంకో మనిషి వీపు మీద కాలు మోపి, భుజాలు దాటి ఆకాశంలోకి లేచి బంతిని రెండు చేతుల్తో అందుకున్నాడు. నా చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. మనిషికి అంత ఎత్తు సాధ్యమని నాకు అంతవరకూ తెలీదు. ఆ పూట నా వంతు తప్పిపోయిందని మేనేజరు తిట్టాడు కూడా. తిట్లు నా చెవికెక్కలేదు.

అలా గాలిలో పట్టడాన్ని మార్క్ అంటారు. పట్టారా, ఆట అక్కడికక్కడ ఆగుతుంది. పట్టిన మనిషి నిదానంగా, ఎవరూ అడ్డు రాకుండా తన్నుకోవచ్చు. ఒక్కటే షరతు. పట్టిన చోటినుంచి తిన్నగా వెనక్కి వెళ్ళాలి. పక్కకి అడుగు వేస్తే ఆ హక్కు పోతుంది.

ఇప్పుడు మా జట్టు సంగతి. పరుగులో మాకు సాటి లేదు. తన్నుడు ఫరవాలేదు. కోచ్ సుగుమారన్ బడిలో పీటీ మాస్టారు, ఓపికమంతుడు. ఇన్ని ఉన్నా ఈ ఏడు ఆడిన ప్రతి ఆటా ఓడిపోయాం. కారణం ఒక్కటే, దాని పేరు పునిత.

పునిత మా అప్ప, అంటే మా అక్క, కూర్మమ్మకి మనవరాలు. జట్టులో అందరికన్నా పొడుగు. కాళ్ళలో స్ప్రింగులున్నాయా అనిపించే పిల్ల. ప్రాక్టీసులో ఇసుక మూట మీద కాలు పెట్టి ఎగిరి బంతి పట్టిందంటే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అటువంటి పిల్ల ఆటలో మాత్రం ఎగరదు. ఎగిరితే ఎవరిమీదో కాలు పడుతుందిగా!

మా ఇళ్ళలో కాలు మనిషికి తగిలితే వంగి, వాళ్ళని చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకోవాలి. పునితకి నడక వచ్చిన నాటినుంచి మా అప్ప దాన్ని అలాగే పెంచింది. తెలుగు అర్థమవుతుంది గానీ నాలుగు ముక్కలు మాట్లాడమంటే తడుముకునే పిల్ల, ఈ ఒక్క అలవాటు మాత్రం ఎముకల్లోకి ఎక్కించుకుంది. సెరెంబాన్ జట్టుతో ఆటలో దీని కాలు ఎవరి పిక్కకో తగిలింది. బంతి ముందరే పడి ఉంది. మన రాణిగారు వంగి, ఆ పిల్ల పిక్క తాకి, చెయ్యి కళ్ళకద్దుకుంది. ఈలోగా వాళ్ళు బంతి తీసుకుపోయి గోల్ కొట్టేశారు. నేను అరిచిన అరుపుకి మైదానం పక్క గుడి పూజారి బయటికొచ్చి చూశాడు.

"పునితా, అది ఆటే తల్లీ!" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

"తెలుసు లా, తాతా," అంటుంది, ఇక్కడి మలయావాళ్ళలా మాట చివర 'లా' తగిలించి. "చెయ్యి తనే పోతది."

ఆ శనివారం ఆట ఆఖరిది. ఏడాదిలో ఒక్క గెలుపన్నా లేని జట్టుని వచ్చే ఏడు లీగ్‌లో ఉంచేది లేదని నిర్వాహకులు ముందే చెప్పేశారు. అంటే ఈ ఆట ఓడితే మా ఎంగాంగ్ జట్టు ఇక లేనట్టే. ఫ్యాక్టరీలో వారమంతా నిలబడే పనిచేసి, శనివారం ఒక్కపూట ఈ మైదానంలో నవ్వే పిల్లలు మళ్ళీ ఎక్కడ నవ్వుతారు?

ఎదుటివాళ్ళు కౌలాలంపూర్ జట్టు. సగంమంది ఆస్ట్రేలియా పిల్లలు, మోకాళ్ళు కూడా నా తొడలంత ఉన్నాయి. వాళ్ళలో బ్రిడ్జెట్ అనే పిల్ల తలుపు చెక్కలా నిలబడి పునితని కాసుకుంది. ఎన్నడూ మైదానానికి రాని మా అప్ప ఆరోజు వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ, గొడుగు, మూతపెట్టిన గిన్నెలో ఉప్మా తెచ్చుకుని గీత పక్కనే కూర్చుంది.

"ఒరే కన్నబాబూ, ఆ తెల్ల గుంట మన పిల్లని అలా తోసేస్తంటే ఎవులూ అడగరేటి?"

"అది ఆటే, అప్పా."

"ఆటకి ఏటి, మర్యాద ఉండదేటి?"

మొదటి సగంలో పునిత కాలు మూడుసార్లో నాలుగుసార్లో బ్రిడ్జెట్‌కి తగిలింది. తగిలిన ప్రతిసారీ ఇది వంగింది. మొదటిసారి ఆ పిల్ల బిత్తరపోయి కాలు వెనక్కి లాక్కుంది. రెండోసారి ఏదో అడిగింది. పునిత రొప్పుతూనే ఏదో చెప్పింది. ఆ తర్వాత వంగినప్పుడు బ్రిడ్జెట్ నవ్వలేదు, కదలకుండా నిలబడింది. ఇక్కడ నాకు మాత్రం తల తిరిగిపోతోంది. వంగిన ప్రతిసారీ బంతి మన చేతుల్లోంచి పోతోంది మరి!

విరామంలో పిల్లలు నారింజ తొనలు తింటూ గడ్డిమీద కూలబడ్డారు. అప్పటికి మేం ఎనిమిది పాయింట్లు వెనకబడి ఉన్నాం. పునిత తల వంచుకుని వాళ్ళ నాన్నమ్మ కుర్చీ పక్కన కూర్చుంది. ఇక నేను ఆగలేకపోయాను.

"అప్పా, నీకు దండం పెడతాను. నీ మనవరాలితో ఒక్క మాట సెప్పు. ఈ ఒక్కపూట మొక్కడం మానెయ్యమను. ఇది ఎగరాల. మనిషి మీద కాలేసి ఎగరాల. లేకపోతే జట్టు పోతాది."

అప్ప గిన్నె మూత తీసి, పునితకి ఒక ముద్ద నోట్లో పెట్టింది. తర్వాతే నావంక చూసింది.

"ఎగరొద్దని నాను సెప్పినానా?"

"సెప్పనేదు, కానీ..."

"మనిషన్నాక కాలు తగుల్తాది. తగిలితే మొక్కాల. ఇదే నాను సెప్పినాను." పునిత గడ్డం పట్టుకుని మొహం పైకి లేపింది. "నువ్వు ఎక్కవే అమ్మీ. భయమేటి? ఎక్కు. దిగినాక మొక్కు."

పునిత కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. "ఎక్కవచ్చా, మామ్మా?"

"మీ తాత సెట్టెక్కేటప్పుడు నా భుజమ్మీదే కాలెట్టేవోడు. కాయలు కోసి దిగి మొక్కేవోడు. నాకేటైనాది?"

నాకు ఒళ్ళు మండింది. చెట్టు ఆగుతుంది, ఆట ఆగుతుందా? ఈ ముసలిదాన్ని అడిగినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ గీత చివరికి పోయి నిలబడ్డాను. ఇక జట్టు భవిష్యత్తు అంటారా, నా లెక్కలో అక్కడితో సరి.

రెండో సగంలో మబ్బు కమ్మింది. మా పిల్లలు పరిగెత్తారు. ఆ పరుగు ఏమని చెప్పను! ట్యూషన్ టీచరమ్మ కళ్ళజోడు కట్టుకున్న తాడు తెగినా ఆగలేదు. కౌలా సెలంగోర్ అక్కచెల్లెళ్ళు ఒకరికొకరు బంతి అందించుకుంటూ మైదానమంతా ఊడ్చినట్టు తిరిగారు. తేడా తగ్గుతూ తగ్గుతూ నాలుగు పాయింట్లకి వచ్చింది. ఒక్క గోల్ పడితే గెలుపు మాది. గడియారంలో మాత్రం టైము లేదు.

ఆ ఆఖరి క్షణంలో టీచరమ్మ బంతిని గోల్ వైపుగా గాలిలోకి తన్నింది. ఎత్తుగా, బాగా ఎత్తుగా లేచింది బంతి. దాని కింద బ్రిడ్జెట్ వీపు తిప్పి, కాళ్ళు నాటుకుని, చేతులు చాచి నిలబడింది. బంతి ఆ పిల్లదే అనుకున్నాను. అప్పుడు వెనకనుంచి పునిత పరుగు వినిపించింది.

అది ఆగలేదు. బ్రిడ్జెట్ నడుము మీద ఒక కాలు పడింది, మోకాలు భుజమ్మీద ఆనింది, అక్కడినుంచి ఇంకా పైకి లేచింది. మా పునితే. నా చేతుల్లో పెరిగిన పిల్ల. మబ్బుల కింద, మనుషులందరి తలల మీద, చేతులు రెండూ పైకి చాచి ఒక్క క్షణం అలా నిలిచిపోయింది. ఓడరేవు కాంటీన్ టీవీలో చూసి ఇన్నేళ్ళు కథలుగా చెప్పుకున్నది నా కళ్ళముందు, నా ఇంటి పిల్ల చేస్తోంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండానే ఏడ్చాను.

బంతి దాని చేతుల్లో ఇమిడింది. కిందపడింది, దొర్లింది, బంతి వదల్లేదు. అంపైర్ మార్క్ అని ఈల వేశాడు. వెంటనే ఆట ముగిసినట్టు హారన్ కూడా మోగింది. హారన్ మోగినా మార్క్ పట్టిన మనిషికి ఒక్క తన్ను మిగిలే ఉంటుంది. అది గోలైతే మా జట్టు బతుకుతుంది.

పునిత లేచి నిలబడింది. వెనక్కి వెళ్ళాలి, తన్నాలి. కానీ అది కదల్లేదు. నాకు అర్థమైపోయింది. బ్రిడ్జెట్ ఆ తాకిడికి పక్కకి తూలి, నాలుగడుగుల దూరంలో గడ్డిమీద భుజం పట్టుకుని కూర్చుని ఉంది. పునిత ఆ భుజం వంకే చూస్తోంది. పక్కకి ఒక్క అడుగు వేసిందా, హక్కు పోయినట్టే. హారన్ మోగింది గనక ఆట కూడా అయిపోయినట్టే. సుగుమారన్ రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. జట్టు పిల్లలు "తన్నవే, తన్నవే" అని ఏడుపు గొంతులతో అరుస్తున్నారు. పునిత బంతిని గుండెకి హత్తుకుని నిలబడిపోయింది. తన్నలేకపోతోంది. మొక్కలేకపోతోంది.

"దేవుడా, దాన్ని కదలనీయకు," అన్నాను.

పునిత కదల్లేదు. కదిలింది బ్రిడ్జెట్.

ఆ పిల్ల లేచి, దుమ్ము దులుపుకుని, పునిత వైపు నడిచింది. మార్క్ పట్టిన మనిషి దగ్గరికి ఎదుటి జట్టువాళ్ళు అలా రాకూడదు. వస్తే బంతిని ఏకంగా గోల్ ముందుకి జరిపేస్తారు. అంటే వాళ్ళ ఓటమి వాళ్ళే రాసుకున్నట్టు. వాళ్ళ జట్టు పిల్లలు వద్దు వద్దని కేకలు పెట్టారు. బ్రిడ్జెట్ వినలేదు. పునిత ముందుకొచ్చి, కొంచెం వంగి, చెయ్యి అందేటట్టు తన భుజాన్ని పెట్టింది.

పునిత నిలబడ్డ చోటే నిలబడి, బంతిని చంకలో పెట్టుకుని, ఆ భుజాన్ని తాకి చెయ్యి కళ్ళకద్దుకుంది. బ్రిడ్జెట్ తలూపి తన చోటికి తాను వెళ్ళిపోయింది. అంపైర్ ఆ కాస్సేపూ ఈలకున్న తాడు చిక్కు తీసుకుంటూ వేరేవైపు చూశాడు. ఎన్నో ఆటలు చూశాను, ఎందరో ఎగరడం చూశాను. ఒక మనిషి ఇంకో మనిషికి అలా భుజం వంచడం నేనెక్కడా చూడలేదు. ఏ గుడిలోనూ రాని భక్తి నాకు అక్కడ, ఆ నలిగిన గడ్డిమీద వచ్చింది.

ఆ తర్వాత పునిత తిన్నగా వెనక్కి వెళ్ళింది. నాలుగడుగులు పరిగెత్తి తన్నింది. బంతి నడిమి స్తంభాల మధ్యగా, ఏ పక్కకీ ఒరగకుండా పోయింది. గోల్ దగ్గరున్న మనిషి గోలేనని రెండు జెండాలూ ఊపాడు.

మా పిల్లలు ఒకరిమీద ఒకరు పడ్డారు. సుగుమారన్ గడ్డిమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను అప్ప కుర్చీ దగ్గరికి చేరాను. ఆమె గొడుగు ఎప్పుడు వదిలేసిందో గాలికి ఎక్కడో పడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు.

"సూసినావేట్రా?" అంది.

"సూసినాను."

ఇద్దరం మైదానం వైపు తిరిగాం. అక్కడ బ్రిడ్జెట్ పునితని ఎత్తుకుని తిప్పుతోంది. చినుకులు మొదలయ్యాయి. ఎవరూ లేవలేదు.

"ఒరే, ఊరందరికీ సెప్తుంటావు గదా. వచ్చే ఏడు మన జట్టు ఎలాగుంటాది?"

ఏడాదంతా గుక్క తిప్పుకోకుండా వాగిన నోరు నాది. ఎంత వెతికినా ఒక్క లెక్క దొరకలేదు.

"ఎలాగుంటాదో తెలీదప్పా," అన్నాను. "ఉంటాది."