పాటొస్తే వంటింట్లోకి

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫ్యాను చప్పుడుకు సగం మాట కొట్టుకుపోతుంది. మద్రాసు చూలై పేటలో చెంగల్రాయుడి కూతురు భువనేశ్వరికి సంబంధం కుదిరిన ముచ్చట ఇది, వింటే పోయేదేమీ లేదు.

మద్రాసులో మిద్దె మిద్దెకూ కేబుల్ తీగలు పాకుతున్న రోజులవి. భువనేశ్వరి టైపు నేర్చుకునే చోటే తొండియార్‌పేట శ్యామ్ కూడా నేర్చుకునేవాడు. ఇద్దరి మనసులూ కలిశాయి. ఇంట్లోవాళ్ళూ సరేనన్నారు. అడ్డమల్లా ఒక్కటే, శ్యామ్ తండ్రి జనార్దనం దగ్గరున్న వీడియో క్యాసెట్.

జనార్దనం వయసులో ఉండగా మౌంట్ రోడ్డులో ఒక ఇంగ్లీషు పాటల సినిమా చూశాడు. లోకమంతా నెత్తిన పెట్టుకున్న సినిమా. అప్పట్నుంచీ దానికి దాసుడే. పెళ్ళిచూపులకు పోతే అందరూ పిల్ల చేత పాట పాడిస్తారు, ఈయన క్యాసెట్ వేయించి ఎలా ఉందని అడుగుతాడు. పెరంబూరు వాళ్ళు చూస్తూ చూస్తూ కునుకు తీశారని, ఆ సంబంధం అక్కడే వదిలేసి వచ్చాడు.

"ఏమడిగినా సూపర్ అని చెప్పేయి తల్లీ," అన్నాడు చెంగల్రాయుడు, అద్దెకు తెచ్చిన వీడియో డెక్కుకు వైరు తగిలిస్తూ.

"చెప్తాలే నాయనా," అంది భువనేశ్వరి.

శ్యామ్ వాళ్ళు వచ్చి కూర్చున్నాక సినిమా మొదలైంది. టోపీ పెట్టుకున్న దొర ఒకడు గొంతెత్తాడో లేదో, భువనేశ్వరి లేచి వంటింట్లోకి వెళ్ళింది. పాటొచ్చిందంటే పొయ్యి సంగతి చూసుకోవడం ఆ ఇంటి ఆడవాళ్ళ అలవాటు. పాట అయ్యాక వచ్చి కూర్చుంటే కథేమీ తప్పిపోదు. బజ్జీల పిండి కలుపుతూ తిరిగి చూస్తే, వెనకే శ్యామ్ తల్లి మునెమ్మ.

"దాహంగా ఉండాది, రవంత నీళ్ళియ్యి పాపా."

రెండో పాటకూ మునెమ్మకు దాహమైంది. మూడో పాటకు నీళ్ళ మాటే ఎత్తలేదు, కత్తిపీట ముందేసుకుని వాళక్కాయలు, అదే అరటికాయలు, తరుగుతూ కూర్చుంది. "పిండిలో వాము ఎయ్యి," అంది.

సినిమా అయిపోయింది. జనార్దనం కళ్ళు తుడుచుకుని, "ఎట్లుండాదమ్మా?" అన్నాడు.

చెంగల్రాయుడు వెనకనుంచి పెదవులు కదిలించి చూపించాడు. భువనేశ్వరికి అబద్ధం నోట రాలేదు.

"పరవాలేదు మామా."

శ్యామ్ తల దించుకున్నాడు.

"పరవాలేదా? ఏందమ్మా తక్కువైంది?"

"కథే మామా. ఆఖరుకి ఆ పిల్లని వాడు చేసుకున్నాడా లేదా, చెప్పనే లేదే."

"చివరి పాటలోనే గదమ్మా పెళ్ళి! చర్చి, పూలు, ఊరంతా ఆడ్తారే!"

"పాటా? అప్పుడు నేను పొయ్యి కాడ ఉన్నా మామా."

జనార్దనం నోరు తెరిచేలోగా మునెమ్మ అందుకుంది. "అట్లనా, పెళ్ళయిందా? ఇన్నేండ్లూ ఆ పాపిష్టోడు పిల్లని మోసం చేసి పారిపొయ్యినాడనుకుంటా ఉన్నానే."

శ్యామ్‌కు నవ్వు ఆగలేదు. భువనేశ్వరి తల్లి పంకజం కూతురి వెనక దాక్కుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జనార్దనం పెళ్ళాం వంక చూశాడు.

"నువ్వు గూడా లేచి పోతా ఉంటివా?"

"పాటొస్తే ఇంట్లో పన్లు ఎవురు చేస్తారు? పాటకి నాతో లేచే కోడలు ఇప్పటికి దొరికింది. నాకీ పిల్లే కావాల."

జనార్దనం బజ్జీ ఒకటి నోట్లో వేసుకున్నాడు. "ముందు ఆ పొయ్యి ఆర్పి రాండి ఇద్దరూ," అని క్యాసెట్ వెనక్కి తిప్పించాడు. అత్తాకోడళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి, పెళ్ళి పాట మొదటినుంచి చివరిదాకా చూపించాడు.

"ఇప్పుడు చెప్పమ్మా."

భువనేశ్వరి శ్యామ్ వంక ఒకసారి చూసి, చీర చెంగు సర్దుకుంది.

"పరవాలేదు మామా."

"సరి," అన్నాడు జనార్దనం, ఇంకో బజ్జీ అందుకుంటూ. "సూపర్ అనేసి లేచి పొయ్యినోళ్ళని శానామందిని చూసినా. ఈ పాప కూర్చుని చూసి చెప్పింది. తాంబూలం తట్ట తీసుకురా మునెమ్మా."

ఇది మరిచిపోకండి. ఎప్పుడైనా పాట మధ్యలో మీ ఇంట్లో ఎవరైనా లేస్తే, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి ఈ ముచ్చట చెప్పండి. రెండో "పరవాలేదు" దగ్గర మాత్రం రవంత ఆగి చెప్పండి, నవ్వు అక్కడుంది.