రెండు వేళ్ల గుడ్డ

ఆ బుధవారం పొద్దున ఒకామె పొకువా కుట్టు దుకాణానికి వచ్చి, తన ఫోనులో ఒక జాకెట్టు బొమ్మ చూపించింది. చేతులు బుట్టల్లా ఉబ్బి, మెడ చుట్టూ మడతలు మడతలుగా ఉన్న జాకెట్టు. ఆదివారం చర్చిలో అలాంటిది తన ఒంటి మీద తప్ప ఇంకెవరి మీదా కనపడకూడదట. పొకువా టాబ్లెట్ తీసి ఆ బొమ్మని ఫొటో తీయబోయింది. అది ఫొటో తీయలేదు. చోటు లేదని చూపించి ఊరుకుంది.

“ఏంటాంటీ, మీ టాబ్లెట్ కూడా నాలాగే కడుపు నిండా తిని కూర్చుందా?” అని నవ్విందామె.

“నువ్వు గుడ్డ ఇచ్చి వెళ్లమ్మా. బొమ్మ నాకు గుర్తుంటుంది.”

“కిందటి నెల మా అక్కకీ ఇలాగే గుర్తుంటుందన్నారు. చేతులు ఒకలా, మెడ ఇంకోలా వచ్చాయి. ఏమనుకోకండి ఆంటీ, పక్క సందులో కొత్తమ్మాయి ఉంది, చూసొస్తాను.”

చూసి రావడానికి వెళ్లినవాళ్లు మళ్లీ రారని కుమాసీ పట్నంలో కుట్టుపని చేసే ఎవరికైనా తెలుసు. ఆ వారంలో ఆమె నాలుగోది.

పక్కనే పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకీ ఉండలు అమ్ముకునే మన్సా ఇదంతా వింటూనే ఉంది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

“అక్కా, నీ పలక ఇట్లా అలిగి కూర్చుంటే రేపు నువ్వూ నాతో పాటు కెంకీ ఉండలు చుట్టాలి. నీ చేతులకి అది రాదు, ముందే చెప్తున్నా.”

“ఏం చెయ్యమంటావే?”

“ఏముంది, అందులో ఉన్నవి కొన్ని తీసెయ్. అన్నిటికంటే వీడియోలే చోటు తింటాయట. మా మరిది చెప్పాడు...” అని మన్సా నాలుక కరుచుకుంది. పొకువా మిషను తొక్కడం మొదలుపెట్టింది. మిషనులో గుడ్డ లేదు.

ఆ టాబ్లెట్ పొకువాది కాదు, కూతురు సెర్వాది. దాన్ని దుకాణానికి తెచ్చింది సెర్వాయే. గోడ మీద పాత కాగితం బొమ్మలన్నీ పీకేసి, “ఇకనించి బొమ్మలు ఇందులో చూపిద్దామమ్మా” అంది. కొత్త జాకెట్టు కుట్టినప్పుడల్లా తనే తొడుక్కుని, అద్దం ముందు నిలబడి వీడియో తీసుకునేది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. మూడు రోజుల జ్వరం, అంతే. పోయి వచ్చే నెలతో ఏడాది. ఏడాది తిరిగే శనివారానికి చుట్టాలందరూ తెలుపూ నలుపూ కలిసిన గుడ్డ కట్టాలి కనుక, ఆ గుడ్డలు కుట్టే పని కూడా పొకువా మీదే పడింది.

సెర్వా పోయిన రెండో వారంలో పొకువా ఆ వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ కూర్చుంది. ఏడో వీడియో నడుస్తుండగా, చోటు తక్కువైందని టాబ్లెట్ మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆమె నలభై ఏళ్లుగా గుడ్డతో బతికిన మనిషి. ఏ గుడ్డయినా విప్పినకొద్దీ మడత దగ్గర రంగు పోతుంది, ఉతికినకొద్దీ నూలు సన్నబడుతుంది. మంచి గుడ్డని పెట్టెలో పెట్టి ముట్టుకోకుండా ఉంటేనే నిలుస్తుంది. వీడియోలూ అంతే అనుకుంది. చూసినకొద్దీ కూతురు అరిగిపోతోందనుకుంది. ఆ రోజు ఆ వీడియోలు మూసింది, పదకొండు నెలలు మళ్లీ తెరవలేదు. ఎన్నోసార్లు వేలు అక్కడిదాకా వెళ్లేది. వెనక్కి తీసుకునేది. ఈ సంగతి మన్సాకి కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం మిషను ఆపి, లేచి నిలబడింది.

“మన్సా, నీ కెంకీ బుట్ట ఎవరికైనా అప్పగించి రా. ఆదుమ్ బజారుకి వెళ్దాం. కొత్తది కొంటాను. నా పిల్లవి ఒక్కటి కూడా తీసెయ్యను.”

గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కొందామని దాచుకున్న సీడీ నోట్లన్నీ రవికెలో పెట్టుకుంది. ఇద్దరూ ట్రోట్రో వ్యాను ఎక్కారు.

ఆదుమ్‌లో ఫోన్ల దుకాణం డార్కోది. అతనికి ముప్పై ఏళ్లుంటాయి. టాబ్లెట్ తిరగేసి చూసి తల ఊపాడు.

“వీపు ఉబ్బింది చూడమ్మా. లోపల బ్యాటరీ పొంగింది. ఇది ఇవాళో రేపో పోతుంది. ఇక వాడకు, మంచిది కాదు.”

“కొత్తదానికే వచ్చాను నాయనా.”

“ఎంత చోటున్నది ఇవ్వమంటావు? అరవై నాలుగు జీబీది ఉంది, నూట ఇరవై ఎనిమిది ఉంది, దానికి రెండింతలది కూడా ఉంది.”

“నడిమిది తీసుకో అక్కా,” అంది మన్సా. “చెప్పులైనా చేపలైనా నేను నడిమివే తీసుకుంటాను.”

“అన్నిటికంటే పెద్దది ఇవ్వు,” అంది పొకువా.

డార్కో మంచివాడు. “ఉండమ్మా, ఊరికే డబ్బు తగలెయ్యడం ఎందుకు? ముందు దీన్ని ఏం నింపేసిందో చూద్దాం,” అని వేలితో జరుపుకుంటూ పోయాడు. కాసేపటికి నవ్వాడు. “అమ్మా, ఇవన్నీ పువ్వులూ ప్రార్థనలూ! రోజూ పొద్దున్నే ఎవరో పంపారు. పొద్దున ఒకటి, పడుకునే ముందు ఇంకోటి. మధ్యలో పాటలు. వేలకి వేలున్నాయి. సగం పైగా ఇవే.”

పొకువా మన్సా వైపు తిరిగింది.

“నా చోటంతా తిన్నది నువ్వటే?”

“దేవుడి మాటలేగా అక్కా పంపాను! ముందు నించే పంపేదాన్ని, పిల్ల పోయాక ఇంకా ఎక్కువ పంపాను, నీకు ధైర్యం వస్తుందని... నువ్వు చూసి తీసేస్తున్నావనుకున్నాను.” మన్సా మొహం చిన్నబోయింది. “నేనే పొద్దున వీడియోలు తీసెయ్యమన్నాను కూడా.”

“సర్లే. ధైర్యం బోలెడుంది, చోటే లేదు,” అంది పొకువా. తర్వాత డార్కో వైపు వంగి, గొంతు తగ్గించి అడిగింది. “నాయనా, అందులో సెర్వా అని ఒక సంచీ ఉంటుంది. అది ఎంతుంది?”

డార్కో ఆ ఫోల్డరు తెరిచి చూశాడు. “నలభై ఒక్క వీడియోలమ్మా. రెండు జీబీ కూడా లేవు.”

“సరిగ్గా చూడు. ఇరవై నాలుగేళ్ల పిల్ల అది.”

“చూశానమ్మా. రెండుకి లోపే.”

పొకువా లెక్క వేసుకుంది. అన్నిటికంటే చిన్నదాంట్లో కూడా అరవై నాలుగులో రెండు. పెద్ద తానులోంచి చేతిగుడ్డకి చింపినంత. దుకాణం ఆగిపోయేంతగా టాబ్లెట్‌ని నింపింది సెర్వాయే అనుకుంది ఇన్నాళ్లూ.

“అయినా పెద్దదే ఇవ్వు,” అంది చివరికి. “పిల్లలకి కుట్టేటప్పుడు కుట్టు లోపల గుడ్డ వదులుతాం. ఎదిగినప్పుడు విప్పుకోవడానికి. దీనికీ వదలాలి కదా?”

“వదలాల్సిందే. అందుకే అడుగుతున్నా,” అన్నాడు డార్కో. అతనికి ఏమీ తెలియదు. “ఈ అమ్మాయి వీడియోలు ఏటా ఎన్ని కొత్తవి వస్తాయి? దాన్నిబట్టి చెప్తాను.”

మన్సా పొకువా మోచెయ్యి పట్టుకుంది.

“ఇక రావు నాయనా,” అంది పొకువా.

డార్కో చేతిలో టాబ్లెట్ మెల్లగా బల్ల మీదకి దిగింది.

పొకువాకి కుట్టు నేర్పిన మేడం ఒక పద్ధతి చెప్పేది. పోయినవాళ్లకి తొడిగే బట్టలో కుట్టు లోపల గుడ్డ వదలకూడదని. కుట్టు పక్కనే కత్తిరించి పారెయ్యాలి, వాళ్లు ఇక ఎదిగేది లేదు కాబట్టి. నలభై ఏళ్లలో పొకువా అలాంటి బట్టలు చాలానే కుట్టింది, ఎప్పుడూ పద్ధతి తప్పలేదు. సెర్వాని చివరిసారి పడుకోబెట్టినప్పుడు తొడిగిన తెల్ల గౌను కూడా ఆమే కుట్టింది. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇస్త్రీ చేస్తూ తిరగేసి చూస్తే, రెండు పక్కలా లోపల రెండు వేళ్ల గుడ్డ ఉంది. చేతులు వాటంతట అవే వదిలేశాయి. కత్తెర తీసింది. కత్తిరించలేకపోయింది. పిల్ల ఆ గుడ్డతోనే వెళ్లిపోయింది.

“చిన్నదే ఇవ్వు,” అంది పొకువా. “కుట్టు పక్కకే కత్తిరించు.”

డార్కోకి ఆ మాట అర్థం కాకపోయినా, అరవై నాలుగుది తీశాడు. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, వీడియోలు ఇందులోంచి అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. అన్నీ వచ్చాయో లేదో చూద్దామని ఒక వీడియో నొక్కబోయాడు. పొకువా అతని చెయ్యి పట్టేసుకుంది.

“ఆడించకు నాయనా! అరిగిపోతాయి.”

“అరగవమ్మా.”

“నేను చూస్తుంటేనే కదా చోటు అయిపోయింది?”

“అది ఆ పువ్వుల వల్లమ్మా. వెయ్యిసార్లు చూసినా ఇది ఇంతే ఉంటుంది. వెంట్రుకంత కూడా తగ్గదు.”

పొకువా చెయ్యి తీసేసింది.

“పదకొండు నెలలు,” అంది. మన్సాకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పక్కకి తిప్పుకుని, గోడ మీద ఫోను కవర్లని చూస్తూ నిలబడింది.

ఇద్దరూ ట్రోట్రోలో తిరిగి వచ్చారు. దిగాక మన్సా, “అక్కా, ఇకనించి పువ్వులు పంపను. పొద్దున్నే నేనే వచ్చి చెప్తాను,” అంది.

“కెంకీ పట్టుకుని రా,” అంది పొకువా.

దుకాణం తలుపు దగ్గరగా వేసుకుని, మిషను ముందు కూర్చుని, సెర్వా సంచీలో మొట్టమొదటి వీడియో నొక్కింది. అద్దంలో సెర్వా నవ్వుతోంది. కొత్త జాకెట్టు, కుట్టు వేసిన దారాలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

“అమ్మా, ఇటు చూడు. మెడ సరిగ్గా వచ్చిందా?”

వీడియోలో పక్కనించి పొకువా గొంతే వినిపించింది, వెనక మిషను చప్పుడుతో. “బాగానే ఉందిలే. రా, ఫుఫూ ముద్ద చల్లారిపోతోంది.” మిషను చప్పుడు ఆగలేదు. ఆ రోజు ఆమె తల ఎత్తి చూడనే లేదు.

పొకువా ఇప్పుడు చూసింది. వెనక్కి జరిపి ఇంకోసారి చూసింది. మూడోసారి కళ్లద్దాలు తుడుచుకుని, దగ్గరగా పెట్టుకుని చూసింది.

“ఎడమ పక్క కొంచెం కిందకి దిగిందమ్మా,” అంది. “విప్పి మళ్లీ వెయ్యాలి.”

సెర్వా అద్దంలో మెడ సవరించుకుని, తృప్తిగా నవ్వి, వీడియో ఆపేసింది.