జాన్‌జోకి పొద్దుటి ఫోన్

జీవరత్నం పప్పుకు తాలింపు వేస్తుండగా తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే గుమ్మం ముందు పోలీసు టోపీ పెట్టుకున్న మనిషి, అతని పక్కన ఎర్రకోటు వేసుకున్న ఒకావిడ. కూతురు మార్తా నర్సింగ్‌హోమ్‌లో డ్యూటీలో ఉంది. షానన్‌లో ఉద్యోగం పోయాక అల్లుడు లాజరస్ దూరాన కార్క్ నగరంలో చేరి శనివారాలకు మాత్రమే ఇంటికి వస్తున్నాడు. ఇద్దరిలో ఎవరికేమైందోనని పొయ్యి ఆపకుండానే వెళ్లి తలుపు తీసింది.

"ఎవరికీ ఏమీ కాలేదండీ, కంగారు పడకండి," అంది ఎర్రకోటావిడ ఆమె ముఖం చూసి. "నా పేరు ఊనా. కౌంటీ కౌన్సిల్ నుంచి వచ్చాను. ఈ ఎస్టేట్‌లో పగలంతా ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను పలకరించి వెళదామని."

పలకరించడానికి ఆ ఎస్టేట్‌లో మనుషులు తక్కువే. ఎన్నిస్ ఊరి చివర గొప్పగా మొదలుపెట్టిన ఇళ్లు అవి. మాంద్యం వచ్చి బిల్డర్ దివాలా తీశాక సగం ఇళ్లు తలుపులు, కిటికీలు లేకుండా అలాగే నిలిచిపోయాయి. అద్దె తక్కువని మార్తా వాళ్లు అక్కడికి మారారు. చీకటి పడితే వీధి దీపాలు ముందు వరుసకే వెలిగేవి. భర్త పోయాక చీరాల నుంచి ఈ చలిదేశంలో ఉన్న కూతురి దగ్గరకు వచ్చేసిన జీవరత్నానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ ఖాళీ ఇళ్లే తోడు.

గార్డ్, అదే ఆ పోలీసాయన, సోఫా అంచున కూర్చుని మెత్తగా మందలించాడు. "తలుపు తీసేముందు ఎవరని అడగాలమ్మా. రూఫ్ బాగుచేస్తామని చెప్పి ముసలివాళ్లను మోసం చేసేవాళ్లు తిరుగుతున్నారు."

"మీ టోపీ కనబడింది గదా బాబూ," అంది జీవరత్నం. మిషన్ ఆసుపత్రిలో తెల్లదొరసానుల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు ఆమెది. నిదానంగా, పుస్తకం చదివినట్టు మాట్లాడుతుంది.

"టోపీ ఎవరైనా కొనుక్కోవచ్చు," అన్నాడతను. ముగ్గురూ నవ్వారు.

ఊనా తాను తెచ్చిన సాయాల గురించి చెప్పింది. మెడలో వేసుకునే ఒక బటన్ ఇస్తారు. పడిపోతే నొక్కితే చాలు, మనిషి పలుకుతాడు. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కమ్మీ బిగిస్తారు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, ఎలా ఉన్నారని అడుగుతారు.

"ఫోన్ ఎవరు చేస్తారు?" అంది జీవరత్నం.

ఊనా నిట్టూర్చింది. "అక్కడే వచ్చింది చిక్కు. కొత్తవాళ్లను ఉద్యోగంలోకి తీసుకోవద్దని పైనుంచి ఆర్డరు. రిటైరైనవాళ్లు కొందరు ఊరికే వచ్చి చేస్తున్నారు. ఫోన్ కావాలన్నవాళ్లు ఎక్కువ, చేసేవాళ్లు తక్కువ."

జీవరత్నం కుర్చీ ముందుకు జరుపుకుంది. "నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినంత కాలం చేసిన పని అదేనమ్మా. పొద్దున్నే వార్డంతా తిరిగి ఎలా ఉందని అడగడం. నన్ను రమ్మంటే నేనొస్తాను."

ఊనా గార్డ్ వంక చూసింది. అతను భుజాలెగరేశాడు.

ఆ సాయంత్రం విషయం విని మార్తా నోరెళ్లబెట్టింది. "అమ్మా, నిన్ను కనిపెట్టుకుంటామని వాళ్లొస్తే నువ్వెళ్లి వాళ్ల దగ్గర ఉద్యోగంలో చేరావా?"

"జీతం లేదులేవే. టీ ఇస్తారంట."

"ఇక్కడి వాళ్ల యాస నాకే సగం అర్థమయ్యి చావదు. నీకెట్టా అర్థమవుద్ది?"

"నొప్పి ఉన్నోడు ఏ భాషలో చెప్పినా అర్థమవుద్దిలే," అంది జీవరత్నం. కానీ ఆ రాత్రి పడుకునేముందు అద్దం ముందు నిలబడి "గుడ్ మార్నింగ్, దిసీజ్ రత్నం ఫ్రమ్ ది కౌన్సిల్" అని మెల్లగా అనుకుని చూసుకుంది.

కౌన్సిల్ ఆఫీసులో వాళ్లకిచ్చిన గది చిన్నది. ఒక బల్ల, దాని మీద ఫోన్లు, మూలన టీ కెటిల్. రిటైరైన ఒక స్కూలు టీచరు, ఒక పోస్ట్‌మాస్టరు అప్పటికే వస్తున్నారు. మొదట్లో జీవరత్నానికి నిజంగానే కష్టమైంది. ఒకామె చెప్పినదంతా విని, ఆమె చెల్లెలు చనిపోయిందనుకుని ఓదార్చింది. తీరా చూస్తే చెల్లెలు స్పెయిన్ వెళ్లిందట. ఆమె పగలబడి నవ్వి, మర్నాటి నుంచి జీవరత్నం ఫోన్ కోసమే కనిపెట్టుకుని ఉండేది. క్రమంగా చెవి అలవాటుపడింది. ఎవరికి మోకాళ్ల నొప్పులో, ఎవరి కొడుకు పని దొరక్క ఆస్ట్రేలియా వెళ్లాడో, ఎవరు పొద్దున లేవగానే ఏడుస్తారో ఆమెకు తెలిసిపోయింది.

లొంగనివాడు ఒక్కడే, జాన్‌జో మారినన్. కోరోఫిన్ పల్లె దాటి రాళ్లగుట్టల మధ్య పొలం. పెళ్లి చేసుకోలేదు. ఉన్న అన్న కూడా పోయాడు. ఆవులతో ఒక్కడే ఉంటాడు. ఫోన్ కావాలని అతను అడగలేదు. పక్క పొలం వాళ్లు పేరు ఇచ్చారు.

"గుడ్ మార్నింగ్, ఎలా ఉన్నారు?"

"గ్రాండ్." టక్కున పెట్టేసేవాడు.

ఇక్కడ ఆ మాటకు బాగున్నానని అర్థం. కాలు విరిగినవాడూ అదే అంటాడు, లాటరీ తగిలినవాడూ అదే అంటాడు. రోజూ ఆ ఒక్క ముక్క విని విని జీవరత్నానికి పంతం పట్టింది. ఒకరోజు అతను పెట్టేసేలోపలే, "మీ ఆవులు ఎలా ఉన్నాయి?" అంది.

"ఒకదానికి పొదుగు వాచింది," అన్నాడతను.

"మా నాన్నకు గేదెలుండేవి. పొదుగు వాస్తే వేణ్ణీళ్ల కాపడం పెట్టేవాడు."

"గేదెలా? కొమ్ములు వెనక్కి తిరిగి ఉంటాయే, అవేనా? టీవీలో చూశాను. పాలిస్తాయా అవి?"

"మీ ఆవు పాలకంటే చిక్కగా ఉంటాయి."

"అంత చిక్కగా ఏమీ ఉండవులే," అని ఫోన్ పెట్టేశాడు. జీవరత్నం పక్కనున్న టీచరు వైపు తిరిగి విజయం సాధించినట్టు నవ్వింది. అప్పటి నుంచి రోజుకు నాలుగైదు మాటలు కలిసేవి. తన గురించి మాత్రం ఎప్పుడు అడిగినా గ్రాండే.

2010 డిసెంబరులో మంచు పడింది. అలాంటి చలి తమ జన్మలో ఎరగమని ఊళ్లోవాళ్లే అన్నారు. నేల గాజుపలకలా గడ్డకట్టింది. నీళ్ల పైపులు పగిలాయి. మార్తా డ్యూటీకి జారకుండా బూట్ల మీద పాత మేజోళ్లు తొడుక్కుని, గోడలు పట్టుకుని నడిచి వెళ్లేది. ఊనా తన కారులో జీవరత్నాన్ని తీసుకెళ్లేది. ఆ రోజుల్లో ఫోన్లు ఆగకూడదని ఊనా పట్టు. ఇంట్లో వేడి ఉందా, తినడానికి ఉందా, మందులున్నాయా అని అందరినీ అడుగుతున్నారు. లేదన్నవాళ్ల ఇళ్లకు, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే కౌన్సిల్ లారీ వాళ్లే పాలు, రొట్టె, బొగ్గు చేరవేస్తున్నారు.

ఒక పొద్దున జాన్‌జో ఫోన్ ఎత్తలేదు.

ఆవుల దగ్గర ఉన్నాడేమోనని కాసేపాగి మళ్లీ చేసింది. మిగతావాళ్లందరికీ చేయడం అయ్యాక మళ్లీ చేసింది. మోగుతూనే ఉంది.

"అతనికి ఫోన్‌ అంటేనే పడదు, ఎత్తడు," అన్నాడు పోస్ట్‌మాస్టరు.

"విసుక్కుంటాడు గానీ, ఎత్తకుండా ఎప్పుడూ లేడు," అంది జీవరత్నం. నిన్న అతను గ్రాండ్ అన్నప్పుడు మాట మామూలుగా లేదు. అడగాలనుకుంది, అడగలేదు. ఇప్పుడు అదే పొడుస్తోంది. "ఊనా, ఎవరినైనా పంపమ్మా."

పక్క పొలం వాళ్లకు ఫోన్ చేస్తే వాళ్ల లైను పనిచేయడం లేదు. ఊనా గార్డులకు చెప్పింది. వాళ్ల కారు ఆ మంచుదారిలో వెళ్లలేకపోయింది. చివరికి కోరోఫిన్ వైపు వెళుతున్న ఉప్పు లారీలో ఒక గార్డ్ ఎక్కాడు. జీవరత్నం చేతులు ఒడిలో పెట్టుకుని ప్రార్థన చేసుకుంది.

చాలాసేపటికి ఫోన్ మోగింది. గార్డ్ మాట్లాడుతున్నాడు. "మనిషి బతికే ఉన్నాడు. మీతో మాట్లాడతాడట."

వెంటనే జాన్‌జో గొంతు విరుచుకుపడింది. "నా మీదికి పోలీసుల్ని తోలావా? ఊరంతా చూస్తుండగా దొంగను పట్టుకోవడానికి వచ్చినట్టు వచ్చారు! పశువులకు నీళ్లు పెట్టొద్దా నేను? ఫోన్ పక్కన కూర్చోవాలా?"

"క్షమించండి," అనగలిగింది జీవరత్నం. అతను ఫోన్ పెట్టేశాడు.

ఇంటికొచ్చాక ఆమె అన్నం ముట్టలేదు. "నా చాదస్తంతో అందరినీ పరుగులు పెట్టించానే. ఆ లారీ ఇంకెవరికి అవసరమైందో ఏమో. రేపట్నుంచి నేను పోను."

మార్తా తల్లి పక్కన కూర్చుని చేతి మీద చెయ్యి వేసింది. "నర్సింగ్‌హోమ్‌లో రోజూ ఎవరో ఒకరు బెల్లు కొడతారమ్మా. వెళితే ఏమీ ఉండదు. ఏమీ లేనందుకు నేనెప్పుడైనా బాధపడ్డానా? హమ్మయ్య అనుకుని వస్తా."

"ఆయన మీద ఊరంతా నవ్వారేమోనే."

"నవ్వితే నవ్వారు. బతికున్నాడు గదా."

మర్నాడు ఊనా కారు హారన్ వినిపిస్తే వెళ్లక తప్పలేదు. దారిలో ఊనా మిగతా కథ చెప్పింది. లారీ డ్రైవర్ కూడా ఆ పల్లెవాడే. అంతా బాగానే ఉందని జాన్‌జో తరిమేస్తున్నా, అతను వినకుండా చుట్టూ చూశాడట. నీళ్ల పైపు గడ్డకట్టిపోయి ఉంది. జాన్‌జో వాగులో మంచుపెచ్చు పగలగొట్టి, బకెట్లతో ఆవులకు నీళ్లు మోస్తున్నాడు. జారిపడ్డాడేమో, కుంటుతున్నాడు. ఇంట్లో తాగడానికి కెటిల్లో కరిగించిన మంచు తప్ప ఇంకేమీ లేదు.

"ఇన్ని రోజులూ గ్రాండ్ అంటూనే ఉన్నాడు!" అంది జీవరత్నం.

"అందుకే నిన్న నువ్వు చేసింది మంచిపని. బిల్డింగ్ పనులు పోయి ఇంట్లో కూర్చున్న ప్లంబర్లు కొందరు మాకు సాయానికి వస్తున్నారు కదా. ఒకరిని పొద్దున్నే పంపాను."

అయినా జీవరత్నానికి ఆ నంబరు నొక్కడానికి మనసొప్పలేదు. టీచరును చేయమంది. టీచరు చేసింది, గ్రాండ్ అనిపించుకుని పెట్టేసింది. తర్వాత కాసేపటికి ఆఫీసు ఫోన్ మోగింది. ఊనా ఎత్తి, విని, మౌత్‌పీస్‌కు చెయ్యి అడ్డుపెట్టింది. "నిన్న పోలీసుల్ని పంపినావిడకు ఒంట్లో బాగాలేదా అని అడుగుతున్నాడు."

జీవరత్నం ఫోన్ అందుకుంది.

"నువ్వెందుకు చేయలేదు?" అన్నాడు జాన్‌జో.

"నిన్న మీకు కోపం వచ్చింది కదా."

"వచ్చింది. అది నిన్న. కుళాయిలో నీళ్లొచ్చాయి. ప్లంబర్ కుర్రాడు మంచివాడు. డబ్బులిస్తే తీసుకోలేదు," అన్నాడు.

"జాన్‌జో, నేను నర్సుని. ఇప్పుడు నేను అడిగేదానికి గ్రాండ్ అని చెప్పకూడదు. కాలు ఎలా ఉంది?"

అవతల ఊపిరి వినిపించింది. అతను గ్రాండ్ అనబోయి ఆగినట్టు ఆమెకు తెలిసింది.

"వాచింది," అన్నాడు. "బూటులో పట్టడం లేదు. రాత్రిళ్లు నిద్ర లేదు."

"ఎన్నాళ్లయింది?"

"మంచు పడ్డ మొదట్లో పడ్డాను."

"మీ ఆవుకైతే అన్నాళ్లు ఊరుకునేవారా?"

అతను ఖళ్లున నవ్వాడు. అతని నవ్వు ఆమె వినడం అదే మొదలు. ఆ మధ్యాహ్నమే డాక్టరు దగ్గరకు అతన్ని ఉప్పు లారీ డ్రైవరే తీసుకెళ్లాడు. పాదంలో చిన్న ఎముక చిట్లింది. కట్టు కట్టి, కాలు మోపొద్దన్నారు. పక్క పొలం వాళ్లు ఆవులను చూసుకుంటామన్నారు. నీ సంగతి మాకెందుకు చెప్పలేదని వాళ్లూ నాలుగు చీవాట్లు పెట్టారట. మెడలో బటన్ వేసుకోవడానికి కూడా ఒప్పుకున్నాడు, చొక్కా లోపల దాచుకుంటానన్న షరతు మీద.

వసంతం వచ్చాక, చలికాలంలో ఫోన్లు చేసినవాళ్లకు, అందుకున్నవాళ్లకు కలిపి కౌన్సిల్ భోజనాలు పెట్టింది. డబ్బులు లేని కాలం కాబట్టి ఊళ్లో చర్చివాళ్ల పారిష్ హాల్లో, ఎవరికి తోచింది వాళ్లు వండి తెచ్చారు. జీవరత్నం పులిహోర చేసి తీసుకెళ్లింది. చాలామంది ఆమె గొంతు విని గుర్తుపట్టి, వచ్చి కౌగిలించుకున్నారు. స్పెయిన్ వెళ్లిన చెల్లెల్ని కూడా ఒకామె పట్టుకొచ్చి చూపించింది. మార్తా, లాజరస్ పక్కన నిలబడి చూస్తున్నారు. "అత్తయ్యగారూ, ఇన్నేళ్ల నుంచి ఇక్కడున్నాం, మాకు ఇంతమంది తెలీదు," అన్నాడు లాజరస్.

అప్పుడొచ్చాడు జాన్‌జో. పాత సూటు, తడిపి దువ్విన తెల్లజుట్టు. కుంటు లేదు. గొంతును బట్టి ఆమె ఊహించుకున్నంత పొడగరి కాదు. ఆమె చీర కట్టు చూసి ఒక్క క్షణం తడబడి, కరచాలనం చేశాడు. ఆ చెయ్యి రాయిలా గరుకుగా ఉంది.

ఇద్దరూ ఒక బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. జాన్‌జో పులిహోర కొంచెం నోట్లో పెట్టుకుని, పచ్చిమిరపకాయ తగిలి నీళ్లు తాగాడు. జీవరత్నం అతని పాదం వంక చూసింది. అతను పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూపించాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు రాలేదు. అన్నాళ్లుగా ఒకరి గొంతు ఒకరికి ఎంతో పరిచయం. ముఖాలు మాత్రం కొత్త. చుట్టూ గోలగోలగా ఉంది. అతను టోపీని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

చివరికి లేచి, "రేపు పొద్దున చేస్తావుగా?" అన్నాడు. "దూడ పుట్టింది. దాని సంగతులు చాలా ఉన్నాయి. ఇక్కడ చెప్పలేను. ఫోన్లో చెబుతా."

"చేస్తాను," అంది జీవరత్నం.

మర్నాడు ఆమె పలకరింపు పూర్తికాకముందే అతను మొదలుపెట్టాడు. దూడ పుట్టిన రాత్రి పడిన గాలివాన, అడ్డం తిరిగిన కాళ్లు, దానికి పెట్టబోయే పేరు. పక్కన పోస్ట్‌మాస్టరు తన గడియారం చూపించి నవ్వుతున్నా పట్టించుకోకుండా, జీవరత్నం టీ కప్పు దగ్గరకు జరుపుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చుంది.