బ్యూలా వదిలిన కుర్చీ

నేను ఒక కుర్చీని. మామూలు కుర్చీని అనుకునేరు! గోదావరి గట్టు దిగువన ఉన్న మా హైస్కూల్లో నా అంత పేరున్నది ఇంకొకటి లేదు. నా ఫొటో పేపర్లో పడింది. హెడ్మాస్టరు భీమశంకరం గారి ఫొటో పడింది కూడా నా పక్కన నిలబడినందుకే.

నన్ను టేకుతో చేయించారు. ఆరో తరగతిలో బ్యూలా అనే పిల్లకు నడుము నిలవదు, కాళ్లు పట్టు తప్పుతాయి. బెంచీ మీద కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయేది. "ఆ పిల్ల బడి మానడానికి వీల్లేదు, అంతే" అని మాస్టారు పట్టుబట్టి నాకు ఎత్తయిన చేతులు, నడుముకు బెల్టు, ముందు పుస్తకాలు పెట్టుకోవడానికి అడ్డచెక్క పెట్టించారు. మంచి మనిషి. మానేసిన పిల్లల్ని ఇళ్లకు వెళ్లి మరీ తెచ్చుకున్నారు. ఆయన వచ్చాక బెత్తం అటకెక్కింది, పదో తరగతిలో అందరూ గట్టెక్కడం మొదలైంది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

అయితే ఈ మనుషులకు ఒక జబ్బుంది. మంచి పని ఒకటి చేశాక దాన్ని చూసుకుని మురిసిపోతూ అక్కడే ఆగిపోతారు. నన్ను బెంచీలకు ఎడంగా, నల్లబల్ల పక్కన వేశారు. "కుర్చీ జోలికి ఎవరూ వెళ్లకండర్రా" అన్నారు. పిల్లలు బుద్ధిమంతులు, వెళ్లలేదు. కుర్చీలో ఉన్న పిల్ల జోలికీ వెళ్లలేదు. మధ్యాహ్నం అందరూ వరండాలో నేల మీద కూర్చుని ఒకరి కంచంలో గుడ్డు ఇంకొకరు లాక్కుంటుంటే, బ్యూలా నా మీద ఎత్తున కూర్చుని ఒక్కతే తినేది. ఆమె గుడ్డు ఎవరూ లాక్కోలేదు. క్లాసులో ఫస్టు మాత్రం ఆమే. కబుర్లు చెప్పేవాళ్లు లేనప్పుడు పుస్తకం తప్ప దిక్కేముంది?

నాకు మాత్రం ఆ పిల్ల వీపు ఆనించుకుంటే పండగే.

తొమ్మిదో తరగతిలో ఉండగా, ఉత్తమ పాఠశాల షీల్డు కోసం బడిని చూడటానికి ఒక పెద్ద అధికారిణి వచ్చింది. నాకు వార్నీషు వేశారు. బ్యూలాకు కనకాంబరాలు పెట్టారు. "మన బడిలో నీకేం నచ్చిందని అడుగుతారమ్మా, నా కుర్చీ అని చెప్పు" అని మాస్టారు ముందే చెప్పి ఉంచారు.

ఆవిడ అలాగే అడిగింది. బ్యూలా నా అడ్డచెక్క మీద వేలు రాసింది.

"నాకు బెంచీ మీద చోటు కావాలండి" అంది.

మాస్టారి మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "పడిపోతావే తల్లీ" అన్నారు మెల్లగా.

"పడితే నూకరత్నం పట్టుకుంటాదండి."

రెండో బెంచీలో నూకరత్నం అప్పటికే లోపలికి జరిగి కూర్చుంది. మాస్టారు నా బెల్టు విప్పి, పిల్లను ఎత్తుకెళ్లి నూకరత్నం పక్కన కూర్చోబెట్టారు. ఒరిగింది. నూకరత్నం భుజం అడ్డం పెట్టింది. ఇద్దరూ పకపకా నవ్వారు. నా మీద కూర్చున్న ఇన్నేళ్లలో ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు.

షీల్డు మా బడికే వచ్చింది. పెట్టడానికి బీరువాలో చోటు లేక, నన్ను ఆఫీసు గదిలో వేసి నా మీద పెట్టారు. వచ్చినవాళ్లంతా "ఎంత మంచి ఆలోచనండీ!" అని నన్ను తడిమి వెళ్తారు. ఒక్కరూ కూర్చోరు. గంట కొట్టాక గదికి తాళం పడుతుంది. ఇనుప బీరువాతో ఏం మాట్లాడను?

పది పాసై బ్యూలా టీసీ కోసం వచ్చింది, నూకరత్నాన్ని పట్టుకుని. ఈసారి ఫస్టు కాదు, మూడో స్థానం. "ఇద్దరికీ కబుర్లు ఎక్కువైపోయాయి" అని మాస్టారు కసిరినట్టు నటించి, షీల్డు తీసి బల్ల మీద పెట్టారు. "సంతకం అయ్యేదాకా కూర్చోమ్మా."

నాకు ప్రాణం లేచొచ్చింది.

"వద్దండి, అలవాటు తప్పిపోయింది" అంది బ్యూలా, నూకరత్నం భుజం వదలకుండానే. కాగితం అందుకుని, ఏదో పోట్లాడుకుంటూ ఇద్దరూ మెట్లు దిగిపోయారు.

మాస్టారు కిటికీలోంచి వాళ్లు మలుపు తిరిగేదాకా చూశారు. తర్వాత షీల్డు చేతిలోకి తీసుకుని, నా వైపు చూసి, మళ్లీ బల్ల మీదే పెట్టేశారు. ఆ పూటకు నన్ను ఖాళీగా ఉండనిచ్చారు.