పుస్తకాల్లో మాత్రమే వాడే కాలం

పక్షవాతం వచ్చిన పంతొమ్మిదో రోజు పొద్దున టీచరమ్మ నోరు విప్పింది.

అప్పుడు ఆమెను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోయిన కుడిచేతి కింద దిండు సర్దుతున్నాడు మొగుడు. ఆయన బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్ళు ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. వీధిలో అందరికీ మేస్త్రిగారు. ఆమె హైస్కూల్లో ఫ్రెంచి చెప్పేది కాబట్టి అందరికీ టీచరమ్మ, ఆఖరికి కట్టుకున్న మొగుడికి కూడా.

"జ బ్యూ," అంది ఆమె. ఆ తరవాత ఎక్కడా తడుముకోకుండా గడగడా చెప్పేసింది. "త్యు బ్యూ, ఇల్ బ్యూ, ను బ్యూమ్, వు బ్యూత్, ఇల్ బ్యూర్."

మేస్త్రి దిండు వదిలేసి ఆమె ముందుకు వచ్చాడు. ఇన్ని రోజులుగా ఆ గొంతులోంచి మూలుగు తప్ప ఇంకేమీ రాలేదు.

"ఏంటి టీచరమ్మా? ఏం కావాలి?"

ఆమె మళ్ళీ అదే వరస మొదలుపెట్టింది. ఈసారి కాస్త గట్టిగా.

ఆ రాగం ఆయనకు కొత్తది కాదు. ముందుగదిలో ట్యూషన్ పిల్లలు అదే పాడుతుంటే, గోడకు ఇవతల అద్దం ముందు నిలబడి ఏళ్ళ తరబడి గడ్డం గీసుకున్నాడు. ఒకసారి అడిగాడు కూడా, ఏమిటి ఈ గోల అని. ఇది పుస్తకాల్లో మాత్రమే వాడే భూతకాలం, నోటితో ఎవరూ మాట్లాడరు అని చెప్పింది ఆమె. మాట్లాడనప్పుడు పిల్లల ప్రాణం ఎందుకు తీస్తావు అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆయనా అంతటితో వదిలేశాడు.

ఇప్పుడు పరిగెత్తి ఆమె పాత నోట్సు తెచ్చి ఒళ్ళో పెట్టాడు. పేజీకి ఆరేసి వరసలు. ఒక్కో పేజీ తిప్పుతూ ఆమె ముఖం చూశాడు. ఒకచోట ఆమె ఎడంచెయ్యి పేజీ మీద పడింది. ఆయనకు ఫ్రెంచి రాదు గానీ అక్షరాలు వచ్చు. కూడబలుక్కున్నాడు. బి, యు, ఎస్. ముప్పై నాలుగేళ్ళు బస్సుల కింద వెల్లకిలా పడుకున్న మనిషికి ఆ మూడక్షరాలు ఇంకోలా కనపడవు.

"బస్సా? బస్సెక్కుతావా?"

ఆమె కళ్ళు మూసుకుంది. సరేనన్నట్టే అనిపించింది ఆయనకు. జోళ్ళు తొడిగి, పక్కింటాయన్ని సాయం పిలిచి, చక్రాల కుర్చీని మెట్లు దింపి, వీధి చివర బస్సు స్టాపు దాకా తోసుకెళ్ళాడు. ఒక బస్సు వచ్చింది, పోయింది. రెండోదీ పోయింది. ఆమె ఒక్కదాని వంకా చూడలేదు. మూడో బస్సు వెళ్ళిపోయాక మళ్ళీ "జ బ్యూ" అని మొదలెట్టింది. స్టాపులో ఉన్నవాళ్ళు కాస్త దూరం జరిగారు.

ఎదురుగా ఉన్న మందుల షాపులో పనిచేసే కూతురు వీళ్ళను చూసి కౌంటరు వదిలి వచ్చింది.

"ఎండలో ఏం చేస్తున్నారు నాన్నా?"

"మీ అమ్మ బస్సు అడిగింది."

కూతురు ఆ వరస రెండుసార్లు విని, ఫోన్లో ఏదో వెతికింది. "బస్సు కాదు నాన్నా. తాగడం. నేను తాగాను, నువ్వు తాగావు, వాడు తాగాడు, అలా అన్నమాట."

షాపులోంచి నీళ్ళ సీసా తెచ్చి, పొరబోకుండా గుక్క గుక్కగా పట్టింది. సీసా ఖాళీ అయ్యింది. మేస్త్రి స్టాపు బల్ల మీద కూలబడి తల పట్టుకున్నాడు. గంట సేపు దాహం, దాహం అని అరుస్తున్న పెళ్ళానికి బస్సులు చూపించాడు.

ఆ రోజు నుంచి పట్టుదలగా పనిలోకి దిగాడు. విడిభాగాల జాబితా రాసినట్టే ఒక అట్టమీద ఫ్రెంచి మాటను తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాశాడు. కూతురు చెబితే ఆయన రాయడం. ల్యూ అంటే చదవడం. వీ అంటే చూడడం. దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. టీచరమ్మ ఏదైనా వరస ఎత్తుకోగానే వంటింట్లోకి పరుగు.

కొన్ని తగిలేవి. ఎక్కువ తగిలేవి కావు. ల్యూ అన్నదని పేపరు ఇస్తే విసిరికొట్టింది. పరిగెత్తడం గురించి వరస చెప్పిన రోజు ఆయనకు ఏం చెయ్యాలో పాలుపోక, ఆమెను రెండు చేతులా లేపి గదిలో నాలుగడుగులు వేయించాడు. ఆమె ఏడ్చింది. నొప్పికో సంతోషానికో తెలియలేదు.

ఒక మధ్యాహ్నం "జాలే, త్యు అలా, ఇల్ అలా" అంది.

మేస్త్రి చేతిలో గరిట వదిలేసి వచ్చాడు. "అలానా? ఎలా?"

"అలా," అంది ఆమె.

"అలా అంటే ఎలాగో చెప్పు, అలాగే చేస్తాను."

"అలా. ను అలామ్."

కూతురికి ఫోను చేసి, మీ అమ్మకు తెలుగు వచ్చేసిందన్నాడు. కూతురు ఆ వరస చెప్పించుకుని వింది. "అది కూడా ఫ్రెంచే నాన్నా. వెళ్ళడం."

"ఎక్కడికి వెళ్తుందట?"

"నాకేం తెలుసు నాన్నా?"

ఇంకో రోజు ఒకే ఒక్క ముక్క అంది. "ఇల్ ప్లూ." అట్ట మీద వాన కురిసింది అని ఉంది. మేస్త్రి మేడమీదికి పరిగెత్తి, పెళపెళలాడే ఎండలో ఇంకా ఆరని బట్టలన్నీ తీసుకొచ్చాడు. సాయంత్రం కూతురు పుస్తకం తిరగేసి, "దానికి ఇంకో అర్థం కూడా ఉంది నాన్నా. నచ్చాడు అని. రెండూ ఒకేలా ఉంటాయట," అంది.

ఇంకా తడిగానే ఉన్న బట్టలు చేతుల్లోకి తీసుకుని ఆయన పెళ్ళాం వంక చూశాడు. ఆమె గోడ వంక చూస్తోంది. నచ్చింది ఎవరు? ఎవరికి? అడుగుదామంటే ఆమెకు చెప్పే దారి లేదు. ఆ బట్టలు ఎక్కడ ఆరెయ్యాలో కూడా ఆయనకు తోచలేదు.

వారానికి రెండుసార్లు ఆసుపత్రి నుంచి మాటలు నేర్పే అమ్మాయి వచ్చేది. కప్పు బొమ్మ, తాళంచెవి బొమ్మ చూపించి పేర్లు చెప్పించాలని చూసేది. ఫ్రిజ్ మీది అట్ట చూసి ఆమె నొచ్చుకుంది.

"మీరు కష్టపడుతున్నారు గానీ అంకుల్, ఇది మాట్లాడడం కాదు. ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టినట్టు. ఏళ్ళ తరబడి నోటికి అలవాటైన వరస, ఆలోచన లేకుండానే వచ్చేస్తుంది."

"మరి ఆ రోజు సీసాడు నీళ్ళు తాగింది కదమ్మా."

"ఎండలో గంట కూర్చోబెడితే ఎవరైనా తాగుతారు అంకుల్."

"అంటే ఇన్నాళ్ళూ నాతో ఏమీ చెప్పలేదంటావా?"

ఆ అమ్మాయి బొమ్మల కట్ట సర్దుకుంది. "చెప్పిందని అనలేను. చెప్పలేదని కూడా అనలేను."

ఇంజను మొరాయిస్తే ఎక్కడో ఒకచోట కారణం ఉంటుంది. విప్పితే దొరుకుతుంది. మేస్త్రికి తెలిసిన లోకం అది. ఈ అమ్మాయి జవాబుతో ఎటూ పాలుపోలేదు. రెండు రోజులు అట్ట వైపు చూడలేదు. ఆమె వరస ఎత్తుకుంటే వింటూ పక్కన కూర్చున్నాడంతే.

మూడో రోజు ఊరికే కూర్చోలేక ఆమెతో పాటు గొంతు కలిపాడు. జాలే, త్యు అలా, ఇల్ అలా దాకా బాగానే వచ్చింది. ఆ తరవాత బ్యూమ్ గుర్తుకొచ్చి, "ను అలూమ్," అన్నాడు.

"తప్పు."

ఆయన చప్పున ఆమె వైపు తిరిగాడు. టీచరమ్మ కూడా ఉలిక్కిపడింది, ఆ మాట ఎవరన్నారా అన్నట్టు.

మెల్లగా, కావాలనే మేస్త్రి మళ్ళీ అన్నాడు. "ను అలూమ్."

"తప్పు," అందామె. చిరాకు పడింది. "అలామ్. అ... లామ్."

చిరాకుపడే ఆ మనిషిని చూసి నలభై రోజులు దాటింది. మేస్త్రి కండువాతో ముఖం తుడుచుకుని వు దగ్గర ఇంకో తప్పు చేశాడు. మళ్ళీ తిట్టించుకున్నాడు.

మాటలు నేర్పే అమ్మాయి విని బొమ్మలు పక్కన పెట్టేసింది. ఇక రోజూ మీరు తప్పులే చెప్పండి అంకుల్ అంది. దానికి ఆయన ప్రత్యేకంగా కష్టపడాల్సిన పని లేకపోయింది. వారం తిరిగేసరికి "మళ్ళీ" వచ్చింది. ఆ తరవాత "కాదు", "విను", "రాయి". నాలుగో నెలలో ఒకరోజు కూతుర్ని పేరు పెట్టి పిలిచింది, కానీ చెయ్యి మాత్రం మొగుడి వైపు చూపించింది. ఆరు నెలలకు యాభై మాటల దాకా పోగయ్యాయి. సగం తరగతి గదిలో మాటలే. ఫ్రెంచి వరసలు వాటంతట అవి రావడం తగ్గిపోయింది.

ఒక సాయంత్రం మేస్త్రి ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నది అడిగేశాడు. "నిజం చెప్పు. బస్సు స్టాపులో నువ్వు నీళ్ళే అడిగావా?"

"తెలీదు," అంది. "నోరు... అదే... అదే పోయేది."

"మరి లోపల నువ్వు ఏం అనుకునేదానివి?"

"లోపల..." అంది. మాట దొరకలేదు. ఇంకోసారి వెతికింది. "నువ్వు... పరుగు..." అని వంటింటి వైపు చూపించి, చెయ్యి దించేసింది.

నవ్వొచ్చేదన్నదో, జాలేసేదన్నదో, పరిగెత్తొద్దని చెప్పాలనుకున్నదో ఆయనకు అర్థం కాలేదు. రెట్టించి అడిగితే ఆమె ముఖం ఎర్రబడుతుంది, ఉన్న మాటలు కూడా తడబడతాయి. ఊరుకున్నాడు.

టీచరమ్మ కాగితం దగ్గరికి లాక్కుని, ఎడంచేత్తో వంకరటింకరగా ఒక క్రియ రాసి ఆయన ముందుకు తోసింది. రావడం అనే క్రియ. దాని రూపాలు దేన్నీ పోలవు. ఆయన పెన్సిలు నాలుకకు అద్దుకుని ఆరు వరసలూ రాశాడు. ఆమె నాలుగు కొట్టేసింది.

"ఎందుకు తప్పు?" అన్నాడు.

ఆమె చెప్పింది. కొంత తెలుగులో, కొంత ఫ్రెంచిలో, కొంత గాల్లో వేలు తిప్పుతూ, చాలాసేపు చెప్పింది. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు గానీ మేస్త్రి తల ఊపాడు. ఆమె ఆ ఊపు చూసింది. ముప్పయ్యేళ్ళు పిల్లల ముఖాలు చదివిన మనిషి.

"మళ్ళీ," అంది, కొత్త కాగితం ముందుకు తోస్తూ.