మణికట్టు మీది చెరువు

పొద్దు పొడవగానే బుగ్గయ్య ముఖం కడుక్కుని, తువ్వాలతో వాచి అద్దం తుడుచుకుని అరుగు మీద కూర్చుంటాడు. దారిన పోయేటోళ్ళు ఆగి అడుగుతారు.

"బుగ్గన్నా, చెరువెంతుందే?"

బుగ్గయ్య చేయి ఎత్తి వాచిని నిటారుగా పట్టుకుంటాడు. అద్దం వెనక నీళ్ళు ఎంతదాకా ఉంటే ఇబ్రహీంపట్నం చెరువులో అంతదాకా ఉన్నట్టే. "రెండు అంకె దాటింది. మత్తడికి జర తక్కువ," అంటాడు. అడిగినోడు సరేనని తన పనికి పోతాడు. అంతదానికి కట్టదాకా నడవడం దండుగ. బుగ్గయ్య చదువు సంతకం దాకనే. కానీ ఆ వాచి మీది అంకెల్లో ఒక్కటి తప్పు చెప్పింది లేదు, ఇంకొకరు చెప్తే ఒప్పుకున్నదీ లేదు.

ఆ వాచి కొడుకు ఐలేష్‌ది. పెండ్లినాడు కోడలు ఉమారాణి అన్న తన చేతులతో బావ చేతికి కట్టాడు. చానేండ్లకు చెరువు నిండి, అలుగు మీదుగా నీళ్ళు పొర్లి మత్తడి దుంకిన ఏడు, దుంకే నీళ్ళకు చేపలు ఎదురెక్కుతున్నాయని ఐలేష్ వల భుజాన వేసుకుని పోయాడు. మర్నాడు మత్తడి కింది కంపచెట్లలో దొరికాడు. వాచి ఏడింటికాడ ఆగి ఉంది. లోపల చేరిన నీళ్ళు ఎండకు పెట్టినా ఎండలేదు. ఆ తర్వాత ఎంత వాన పడ్డా చెరువు మత్తడి అంచుదాకా వచ్చి ఆగిపోయేది, ఇంకో దోసెడు తక్కువైనట్టు. "ఆ దోసెడు బుగ్గన్న చేతికున్నది," అనుకునేవాళ్ళు ఊరోళ్ళు.

బుగ్గయ్య కోపం పట్టాడంటే పట్టాడే. తోడల్లుడు కృష్ణయ్య ఒక పెండ్లిలో తనను రెండో బంతికి కూర్చోబెట్టాడని అతని గడప తొక్కడం మానేశాడు. కృష్ణయ్య పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టుకున్నాడు. గడప మారింది గానీ కోపం మారలేదు. అసుంటోడు కోడలిని వదిలిపెడతాడా?

చేపలు పట్టే ఇండ్లలో వల తడవకముందు మసాలా నూరరు, కీడని. ఐలేష్ వలకు పోయిన ఆ రోజు ఉమారాణి పుట్టింటోళ్ళు చుట్టపుచూపుగా వచ్చారు. అతను ఇంకా చెరువు చేరకముందే ఆమె రోట్లో అల్లం, ఎల్లిగడ్డ వేసి నూరింది. అప్పటినుంచి బుగ్గయ్య ఆమెతో మాట్లాడడు. చెప్పాల్సిందంతా వసారా గుంజకు చెప్తాడు. ఆమె కూడా మళ్ళీ ఆ రోలు ముట్టలేదు.

"గుంజా, చాయల చక్కెర ఎక్కువైందని చెప్పు."

"గుంజా, మామకు చెప్పు. చక్కెర నిన్ననే ఒడిసింది. అది ఉత్త చాయ."

ఉమారాణి ఆదిభట్లలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో పనిచేస్తుంది. ఆమె ఎక్కే బస్సు నడిపే మహిధర్, మారుమనువు చేసుకుంటానని పెద్దమనుషులతో అడిగించాడు. మామ నోటివెంట 'పో బిడ్డా' అన్న మాట రానిదే ఆ ఇండ్లలో కోడలు కదలదు. బుగ్గయ్య గుంజతో ఒక్కటే అన్నాడు: "ఒకన్ని మింగింది సాలదా?" ఆదివారం దాకా చూస్తాం, ఆపైన వేరే సంబంధం చూసుకుంటామని మహిధర్ వాళ్ళు కబురు పెట్టారు.

శనివారం పొద్దున హయత్‌నగర్ నుంచి వచ్చిన బస్సు దిగుతుంటే బుగ్గయ్య చేయి తలుపు కడ్డీకి కొట్టుకుంది. ఇంటికొచ్చి చూసుకుంటే అద్దం అడ్డంగా పగిలి, నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి.

ఉమారాణి చూసింది. "గుంజా, గూట్ల కొత్త వాచి ఉన్నదని చెప్పు. మొదటి జీతంల తెచ్చిన. డబ్బ గూడ ఇప్పలే."

"గుంజా, కొత్తదాంట్ల చెరువున్నదా అడుగు," అని బుగ్గయ్య చెప్పులు తొడుక్కున్నాడు. ఆమె తలుపు దగ్గరగా వేసి వెంట నడిచింది.

బస్టాండు పక్కన వాచిలు బాగుచేసే దశరథ డబ్బా కొట్టు ఉంది. అతను కంటికి అద్దం పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అద్దం మారుస్త అన్నా. గని మూత తియ్యాలె, నీళ్ళు పోతయి. ఎండబెట్టి నూనె ఏస్తే నడుస్తది."

"నడిస్తే నేనేం జేసుకోవాలె? నాకు నీళ్ళుండాలె."

"నీళ్ళుండంగ అద్దమెట్ల పెడ్తనే? ఇట్లనే ఉంచితే పొద్దుమీకేసరికి ఒట్టిపోతది. బాగు చేయించుకుంటవో, కొత్తది కొనుక్కుంటవో నువ్వే చెప్పు."

"తల నెరిసెదాక ఇదే పని చేస్తున్నవ్. గింత రాదా?"

"వాచిలు బాగుచేస్త అన్నా. చెరువులు గాదు."

బుగ్గయ్య వాచి గుంజుకుని చేతికి పెట్టుకుని రోడ్డెక్కాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఉమారాణి పక్కకొచ్చి అతని మణికట్టు కింద దోసిలి పట్టింది. అతను చేయి లాక్కున్నాడు. ఒక బొట్టు తారు మీద పడి ఆరిపోయింది. ఆమె మళ్ళీ దోసిలి పట్టింది. ఈసారి అతను లాక్కోలేదు.

అక్కడ గుంజ లేదు. ఉమారాణి కరెంటు స్తంభం దిక్కు తిరిగింది.

"స్తంభమా, మామకు చెప్పు. గిది మా అన్న కట్టిన వాచి. దీంట్ల నీళ్ళు నాయి గూడ." ఆమె దోసిలి దించలేదు. "నూరింది నేనే. నూరుమన్నది ఆయన. ఇంకా వల తడవలే గదా అంటే, 'నా వల ఉట్టిగ రాదే' అని నవ్విండు."

బుగ్గయ్య నిలబడిపోయాడు. ఆ మాట అతనిదే. వయసులో ఉన్నప్పుడు పెండ్లాంతో అట్లాగే అని నవ్వేవాడు. ఐలేష్ తల్లి కొంగు పట్టుకుని విని నేర్చుకున్న మాట.

అతను ఇంటి దారి వదిలి కట్ట దిక్కు నడిచాడు. వాచి కారుతూనే ఉంది. అంత చిన్నదానిలో అన్ని నీళ్ళెట్లా పట్టాయోగానీ, ఆమె దోసిలి నిండింది, ఒక్క చుక్క కింద పడలేదు. కట్ట మీద వలలు ఆరేసుకునేవాళ్ళు దారిచ్చారు. "జర చూసి, బిడ్డా, రాయున్నది," అన్నాడు ఒకడు.

మత్తడి అంచున ఆమె వంగి దోసిలి విడిచింది. నీళ్ళలో నీళ్ళు కలిశాయి. చెరువు ఊపిరి తీసినట్టు కొద్దిగా లేచి, మత్తడి మీదుగా పల్చని పొరలా జారింది. "దుంకింది," అన్నాడొకడు, వల కోసం ఇంటికి పోతూ.

బుగ్గయ్య వాచి చూసుకున్నాడు. లోపల ఏమీ లేదు. తడి ఆరిన ముల్లు ఏడు దగ్గరినుంచి టిక్కుటిక్కుమని కదిలింది. అతను దాన్ని విప్పి, పగిలిన అద్దంతోనే, ఉమారాణి చేతికి కట్టాడు. వదులైంది. మోచేతి దాకా ఎక్కించాడు.

"మీ అన్న కట్టింది. నీ ఎంటనే పోవాలె," అన్నాడు. గుంజ కోసమో స్తంభం కోసమో చూడలేదు, ఆమె ముఖంలోకి చూస్తూనే అన్నాడు. "పో బిడ్డా. మహిధర్ వాళ్ళకు ఫోన్ చెయ్యి. పొద్దుమీకి వచ్చి తిని పొమ్మను."

"మరి నువ్వు మామా?"

"వలకు పోత. కట్ట మీదికెల్లే ఏస్త, నీళ్ళల్లకు దిగను. నేనొచ్చెదాక ఆగకు. మసాలా నూరి పెట్టు."

ఇంట్లో ఉమారాణి రోలు మీది దుమ్ము కడిగింది. "గుంజా," అంది అలవాటు చొప్పున. ఆపైన ఏం చెప్పాలో తోచలేదు. కండ్లు తుడుచుకుని, ఎల్లిగడ్డలు వేసి నూరసాగింది. వల ఇంకా తడవలేదు.