నల్లోడి నుదుటి మీద కెమెరా

హరినాథన్న రెండు కెమెరాలనూ గాజుబల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"ఏదో ఒకటి తేల్చప్పా. ఎన్ని తూర్లు వస్తావు, ఎన్ని తూర్లు పోతావు?"

తిరుపతిలో గాంధీ రోడ్డు వెనక సందులో ఆయన దుకాణం. బల్ల మీద ఒకటి మిర్రర్‌లెస్, కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనేది. లెన్సు మార్చుకోవచ్చు, వెలుతురు తగ్గినా బొమ్మ బాగా వస్తుంది. కానీ మెడలో వేసుకుని రెండు చేతులతో పట్టుకోవాలి, దాంతోపాటు ఇచ్చే లెన్సుకు మనిషి దగ్గరికి పోవాలి. రెండోది చొక్కా జేబులో పట్టే కాంపాక్ట్. ఎక్కడో ఉన్నదాన్ని దగ్గరికి లాగుతుంది, పొద్దు వాలితే మాత్రం బొమ్మంతా ఇసుక చల్లినట్టు ఉంటుంది.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే. శ్రీసిటీ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి నేను దాచింది ఒక కెమెరాకే వస్తుంది. పెళ్లిళ్లు, జాతరలు తీసి బతకాలని ఆశ. తప్పుది కొంటే మళ్లీ ఆ ఫ్యాక్టరీ బస్సే. ఆ మాటే అన్నకు చెప్పాను.

"అయితే రెండూ తీసకపో. ఆదివారం మీ మామోళ్ల ఊళ్లో పశువుల పండగ గదా. రెండిటితోనూ తీసి సూడు. సోమవారం ఒకటి నీది, ఇంకోటి నాది. నాది మాత్రం గీత పడకుండా రావల్ల."

"కాయితం ఏమన్నా రాసియ్యాల్నా అన్నా?"

"నీ మాట చాల్లేప్పా."

మామ వాళ్ల ఊరు చంద్రగిరి అవతల. ఆ వైపు పశువుల పండగ అంటే ఎద్దు కొమ్ములకు రంగు పూసి, నుదుటి మీద కొయ్య పలక కట్టి, జనం మధ్యలోంచి వీధిలోకి తరమడం. పట్టేవాడు మూపురాన్నో కొమ్మునో పట్టుకుని వేలాడి పలకను లాక్కోవాలి. పలకకు తువాలు కట్టినా వెండి బిళ్ల కట్టినా లాక్కున్నవాడిదే. పలక కట్టిన తాడు పట్టి లాగితే మాత్రం అది పట్టినట్టు కాదు. అట్లా లాగినవాడికి తన్నులు తప్పవు.

నేను ఊళ్లోకి అడుగుపెట్టేసరికే ఒకతన్ని నులకమంచం మీద మోసుకుపోతున్నారు. పొట్ట మీద కప్పిన తువాలు తడిసి నల్లగా అయింది. మంచం మోసేవాళ్లకు దారి ఇచ్చి, జనం మళ్లీ కలుసుకుపోయారు. డప్పులు ఆగలేదు.

కోదండం మామ మా అమ్మకు తమ్ముడు. ఆయన ఎద్దు నల్లోణ్ణి ఇంతవరకు ఎవరూ పట్టలేదు. పోయినేడు పట్టబోయిన ఒకడికి దవడ విరిగింది. మామ ఆ సంగతి కొడుకు ర్యాంకు చెప్పుకున్నట్టు చెప్పుకుంటాడు. నేను పోయేసరికి జ్ఞానాంబ అత్త నల్లోడి నుదుటికి పసుపు పూస్తోంది. మామ కన్ను నా చేతిలోని కాంపాక్ట్ మీద పడింది.

"అల్లుడా, అగ్గిపెట్టెంత ఉండాదే ఇది! వీడియో తీస్తాదా?"

"తీస్తాది మామా. దుకాణమోళ్లది ఇది."

"అయితే పలకకి కట్టు. నల్లోడు ఉరకతాంటే ఈ నాకొడుకులు ఎట్ల సీలిపోతారో, వాని నుదుటి మీంచే సూడొచ్చు. ఫోన్లన్నిట్లో తిరగల్ల ఇది."

నాకూ ఆశ పుట్టింది. పెద్ద కెమెరా ఈ పని చేయలేదు. ఈ ఒక్క వీడియో బాగా వస్తే ఏది కొనాలో తేలిపోతుంది.

అత్త పసుపు చేయి ఆపింది. "పలకకి కట్టింది పట్టినోడిదే గదయ్యా. పరాయి వస్తువంట అది."

"మన నల్లోణ్ణి పట్టే మగోడు యాడుండాడు మే? గమ్మునుండు నువ్వు."

మామ నైలాను తాడుతో, నేను ప్లాస్టిక్ ట్యాగులతో కాంపాక్ట్‌ను పలక ముందు బిగించాం. వీడియో నొక్కాను. ఎర్ర చుక్క వెలిగింది. మిర్రర్‌లెస్ మెడలో వేసుకుని, వీధి మలుపులో ఒక ఇంటి అరుగెక్కి నిలబడ్డాను. ఆ లెన్సుకు అంత దగ్గరగా ఉండక తప్పదు.

నల్లోడు వచ్చాడు.

ముందు ఎగబడినవాణ్ణి కొమ్ముతో కాదు, తల పక్కకు విసిరి దవడతోనే కొట్టాడు. వాడు ఎదురింటి గోడకు తగిలి కింద కూర్చుండిపోయాడు, నోట్లోంచి పళ్లు ఒళ్లో పడ్డాయి. ఇంకొకడు కాళ్ల కింద పడితే చేతి మీద గిట్ట వేసి పోయాడు. వాడి అరుపు డప్పుల మోతలో కూడా వినపడింది. అప్పుడు పక్కనుంచి భానుచందర్ దూకాడు. పక్క ఊరివాడు, పాలవ్యాను తోలుతాడు. ఇంటర్ దాకా నాతో ఒకే బెంచీ.

ఎడమ చేయి మూపురం చుట్టూ వేసి అతుక్కుపోయాడు. నల్లోడు వాణ్ణి గోడకేసి రాశాడు. వీపు చర్మం సున్నానికి అంటుకుపోయింది. వాడు వదల్లేదు. తల విసిరితే కొమ్ము తొడలో దిగి బయటికి వచ్చింది. అప్పుడూ వదల్లేదు. కుడి చేయి ముందుకు చాచి, పలక కింద వేళ్లు దూర్చి, కొయ్యను పట్టి ఒక్క గుంజు గుంజాడు. తాళ్లు తెగాయి. నేను కెమెరా పైనుంచి అంతా కళ్లారా చూస్తూ నొక్కుతూనే ఉన్నాను.

వాడు నేల మీద పడ్డాడు. నల్లోడు వాణ్ణి దాటుకుని ఇంటి దోవ పట్టాడు. భానుచందర్ గోడ పట్టుకుని లేచాడు. కాలి మీద రక్తం మడమ దాకా కారుతోంది. పలకను, దానికున్న కెమెరాను రొమ్ముకు అదుముకుని పిచ్చివాడిలా నవ్వుతున్నాడు.

నవ్వు సగంలో ఉండగానే మామ కర్ర వాడి భుజం మీద పడింది.

"తాడు పట్టినాడు! దొంగ నాకొడుకు కెమెరా తాడు పట్టి గుంజినాడు!"

మామ దాయాదులు కలిశారు. ఒకడు వాడి తొడలో గాయం చూసి అక్కడే తన్నాడు. భానుచందర్ పలక మీద ముడుచుకుపోయాడు.

"కొయ్య పట్టినా... కొయ్యే పట్టినా సామీ..."

"నల్లోణ్ణి నువ్వు పట్టేదేందిరా! పాలు పోసుకునే నాకొడకా!"

కర్ర ఈసారి వాడి చెవి మీద తగిలింది. పక్క ఊరివాళ్లు ఇద్దరు అడ్డం వస్తే వాళ్లకూ పడ్డాయి. గుంపులోంచి ఎవరో అరిచారు. "ఫోటో ఉంటాది గదా! శేఖర్ తావ ఉంటాది, సూడండ్రా!"

అందరూ నా మీదికి వచ్చారు. బొమ్మలు వెనక్కి జరిపాను. నేను తీసేటప్పుడు అరుగు కింద ఎవరో ఉత్సాహంగా చేయెత్తినట్టున్నారు. కెమెరా ఫోకస్ ఆ చేతినే పట్టుకుంది. వేలికున్న ఉంగరం, గోళ్లలో మట్టి స్పష్టంగా ఉన్నాయి. దాని వెనక ఎద్దు, మనిషి, పలక అన్నీ కలిసి నల్లటి మరక. అన్ని బొమ్మలూ అంతే. పలక మీది వీడియోలో ఎదురుగా ఉన్న వీధే తప్ప, దాని వెనక కొయ్యను పట్టిన చేయి పడదు.

"చెయ్యి గదరా ఇది!" అన్నాడొకడు. ఇంకొకడు నవ్వాడు. "డిగ్రీ చదివి చెయ్యి ఫోటో తీసినాడప్పా!"

మామ నవ్వలేదు. నా భుజం మీద చేయి వేసి చెవి దగ్గరికి వంగాడు. ఆయన ఊపిరి వేడిగా తగిలింది.

"నువ్వు సూసినావు గదా అల్లుడా. నీ మాటంటే ఈడ అందరికీ నమ్మకం. తాడు పట్టినాడని ఒక్క మాట చెప్పు. నీ కెమెరా ఇప్పుడే నీ చేతిలో పెడతా."

హరినాథన్న నా దగ్గర కాగితం తీసుకోలేదు. ఆ కెమెరా పోతే నేను కూడబెట్టిందంతా దాని కిందికే పోతుంది, నాకని కొనుక్కునేది ఏదీ ఉండదు. ఒక్క మాట. కింద భానుచందర్ ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నాడు. రెండో కన్ను అప్పటికే వాచి మూసుకుపోయింది. నేను నోరు తెరిచేలోపే ఇంకొక తన్ను పడింది, వాడి గొంతులోంచి గాలి పోయిన చప్పుడు వచ్చింది.

"కొయ్యే పట్టినాడు మామా."

"ఏందీ?"

"మూపురం పట్టి ఏలాడినాడు. కొయ్య కింద ఏళ్లు పెట్టి గుంజినాడు. నేను కండ్లారా సూస్తానే ఉండాను. పలక వానిదే."

"మరి పలకకుండేది?"

"అదీ వానిదే."

మామ చెంపదెబ్బకు నా చెవిలో గుయ్‌మంది. కెమెరా బెల్టు పట్టి మెలిపెట్టాడు. ఊపిరి ఆడలేదు, కళ్ల ముందు వీధి ఎర్రగా అయింది. బెల్టు రెండు కొసలూ ఊడిపోయి కెమెరా ఆయన చేతికి వచ్చింది. గుమ్మం పక్కనున్న రోటికేసి కొట్టాడు. లెన్సు ఊడి కాలువలోకి దొర్లింది. మళ్లీ కొట్టాడు, పెంకులు లేచేదాకా కొట్టాడు.

"ఇది కూడా వానికే ఇయ్యి పో!"

తర్వాత ఆయన పిడికిలి నా ముక్కు మీద పడింది. అత్త పరిగెత్తుకొచ్చి ఆయన నడుము పట్టుకుని వేలాడింది.

"ఇడువయ్యా! నీ అక్క కొడుకు! సంపేస్తావా?"

"అక్క కొడుకంట! ఊరి ముందర నా తల తీసినాడే వీడు!"

ఆ మాట పూర్తికాకముందే పక్క ఊరి కుర్రాళ్లు కర్రలతో దిగారు. ఇక ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. ఒకాయన తల పట్టుకుని నా ముందే కూలబడ్డాడు, వేళ్ల సందుల్లోంచి రక్తం. నేను మోకాళ్ల మీద పాకి భానుచందర్ చంకల కింద చేతులు వేసి వెనక్కి ఈడ్చాను. నా వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఎవరివో చూడలేదు. మెడలో మిగిలిన కెమెరా బెల్టు తీసి, వాడి తొడకు గాయం పైన బిగించి కట్టాను. రోడ్డు మీద ఆటో ఆగింది.

"తిరుపతి పెద్దాసుపత్రికి పోనీ అన్నా. గబగబా పో."

ఆటోలో వాడి తల నా ఒళ్లో ఉంది. పలక ఇంకా రొమ్ము మీదే.

"శేఖరా... కెమెరా తిరిగి అడగతావు గదరా?"

"అడగను. మాట్లాడద్దు నువ్వు."

"మీ మామ నిన్ను ఇడిసిపెట్టడు."

"తెలుసులే."

"ఎందుకు చెప్పినావురా మరి?" అని వాడు నవ్వబోయి దగ్గాడు. నా చొక్కా మీద ఎర్రటి తుంపర పడింది. అంతలో తెరిచున్న ఆ ఒక్క కన్నూ మూతపడింది.

చంద్రగిరి దాటాక వాడి వేళ్లు వదులయ్యాయి. గుంతలో ఆటో ఎగిరిన కుదుపుకు, పలకకు మిగిలిన ఒక్క ట్యాగు తెగి, కాంపాక్ట్ జారి నా ఒళ్లో పడింది. అద్దం మీద గీత కూడా లేదు. వాడి రక్తం మాత్రం అంటింది, తుడిస్తే పోతుంది. వాడికి స్పృహ లేదు. డ్రైవరు రోడ్డు చూస్తున్నాడు. కెమెరా నా చొక్కా జేబుకు సరిగ్గా పడుతుంది. తలకోన బోర్డు ఉన్న బస్సు ఒకటి ఎదురొచ్చి పోయేదాకా దాన్ని చేతిలోనే పట్టుకున్నాను. తర్వాత వాడి చేయి తెరిచి, కెమెరా అందులో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటిగా మూసి, పైన నా చేయి వేసి పట్టుకున్నాను.

ఆసుపత్రిలో స్ట్రెచరు మీదికి మార్చారు. నర్సు కత్తెరతో వాడి ప్యాంటు కోస్తూ, బెల్టు కట్టు చూసి "ఇది కట్టింది ఎవరు? మంచి పని చేసినారు" అంది. తర్వాత వాడి పిడికిలి విప్పి కెమెరా బయటికి తీసింది. రక్తం కారుతున్న నా ముక్కు, ఖాళీ చేతులు చూసింది.

"ఇది మీదా?"

"కాదమ్మా. ఆయనది. భద్రంగా పెట్టండి, లేచినాక అడగతాడు."

నర్సు దాన్ని ఒక పాలిథిన్ కవర్లో వేసి, భానుచందర్ పేరు రాసి, తలకింద పెట్టింది. స్ట్రెచరు లోపలికి పోయింది. రేపు హరినాథన్నకు రెండు కెమెరాల బాకీ చెప్పాలి. నేను గోడకు ఆనుకుని, తల పైకెత్తి, ముక్కు పట్టుకుని నిలబడ్డాను.